గ్లౌజు ఎవరి కోసం?

గుండుగొలనులో చలికి గ్లౌజులు వేసుకునే అలవాటు లేదు. ధనుర్మాసంలో కొల్లేటి వైపు నుంచి మంచు కమ్ముకొస్తే హైవే మీద లారీల లైట్లు కూడా కనపడవు. అయినా మనవాళ్ళు చెవులకి మఫ్లర్ చుట్టుకుని, చేతులు చంకల్లో దోపుకుని సరిపెట్టేస్తారు. అందుకే న్యూజెర్సీలో ఉంటున్న మా బావ "చలికాలంలో సముద్రంలో గాలం వెయ్యడానికి ఏ గ్లౌజులు కొనాలో కాస్త చూసి చెప్పు" అని అడిగితే నవ్వొచ్చింది. శనివారం తెల్లవారకుండానే లేచి శాండీ హుక్‌కో, ఇంకా దక్షిణాన ఐలండ్ బీచ్ స్టేట్ పార్కుకో పోయి, తొడల లోతు అలల్లో నిలబడి స్ట్రైప్డ్ బాస్ అనే చేప కోసం గాలం విసరడం ఆయనకి కొత్తగా అంటుకున్న పిచ్చి. ఆ చేపలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గుంపులుగా ఒడ్డు వెంబడే దక్షిణానికి వలస పోతాయి. అంటే మంచి వేటంతా నీళ్ళు చల్లబడ్డాకే.

చేసేది సాఫ్ట్‌వేర్ పని కాబట్టి నాలుగు రివ్యూలు చదివి, ఒక పట్టిక గీసి పంపేద్దామనుకున్నాను. చదవగా చదవగా రివ్యూలు పక్కకి పోయి, గ్లౌజుల చరిత్ర ముందుకొచ్చింది. ఎటు తిప్పి చూసినా ఆ చరిత్రలో ఒకటే పేచీ. గ్లౌజు ఎవర్ని కాపాడటానికి పుట్టింది? వేసుకున్న మనిషినా, ఆ మనిషి ముట్టుకునే సరుకునా? ఈ పేచీ న్యూజెర్సీ కంటే మా గుండుగొలను దగ్గరే ఎక్కువ తేలాల్సి ఉందని తర్వాత అర్థమైంది.

ముందు బావగారి ఆట సంగతి. అలల్లో గాలం వెయ్యడం అమెరికాలో డబ్బున్నవాళ్ళ సరదాగా ఎదిగింది. 1864లో న్యూయార్క్ ధనవంతులు కొందరు మసాచుసెట్స్ తీరంలో కటీహంక్ అనే దీవి మీద ఒక క్లబ్బు పెట్టారు. రాళ్ళ మీంచి సముద్రంలోకి సన్నటి చెక్క వంతెనలు కట్టించుకుని, వాటి చివర నుంచి గాలం వేసేవారు. ఎర గుచ్చడానికి, ఎర ముక్కలు నీళ్ళలో చల్లి చేపల్ని దగ్గరికి రప్పించడానికి, చిక్కిన చేపని కొక్కెంతో లాగడానికి స్థానికుల్ని కూలికి పెట్టుకునేవారు. ఎర అంటే మన వానపాము అనుకునేరు, లాబ్‌స్టర్ మాంసం! దొరల చేతులు తడిసే అవసరమే పెద్దగా ఉండేది కాదు. వాళ్ళకి కావలసిన తొడుగు ఒక్క బొటనవేలికే. ఆ కాలపు రీళ్ళకి బ్రేకు లేదు. పెద్ద చేప దారం లాక్కుంటూ పరిగెడుతుంటే తిరిగే చక్రాన్ని బొటనవేలితో అదిమి ఆపాలి. ఆ రాపిడికి చర్మం కాలిపోయేది. అందుకని తోలుతోనో, అల్లిన నూలుతోనో ఒక్క వేలికి సరిపడే తొడుగులు చేయించుకున్నారు. చలికాలపు గ్లౌజు గురించి వెతుకుతుంటే ఈ ఆటలో నాకు దొరికిన పాత తొడుగు కాస్తా వేడి నుంచి కాపాడేది అయింది.

1913లో విలియం బోషెన్ ఆలోచనతో జూలియస్ వామ్ హోఫ్ స్టార్ డ్రాగ్ అమర్చిన రీలు తయారు చేశాడు. లోపలి పళ్ళాల ఒరిపిడే దారాన్ని బిగబట్టడం మొదలెట్టాక బొటనవేలికి విముక్తి. అదే ఏడాది కటీహంక్ దగ్గర చార్లెస్ చర్చ్ అనే ఆయన 73 పౌండ్ల బాస్ చేపని పట్టాడు, దశాబ్దాల పాటు ఆ రికార్డుని ఎవరూ దాటలేదు. మా బావకి ఇప్పటిదాకా పడింది ఏడు పౌండ్లు. దాన్ని మళ్ళీ నీళ్ళలోకే వదిలేయాల్సొచ్చిందట, రూలు ప్రకారం సైజు చాలలేదని.

అదే తీరంలో పొట్టకూటి కోసం వేటకెళ్ళేవాళ్ళ చేతుల కథ వేరు. మసాచుసెట్స్‌లోని గ్లౌస్టర్ రేవు నుంచి పెద్ద పడవలు బయల్దేరి, నడిసముద్రంలో డోరీలనే చిన్న పడవల్ని దింపేవి. ఒక్కో డోరీలో ఇద్దరు. వందల బారల తాడు చేత్తో లాగాలి. అరచేతి చుట్టూ నిప్పర్లనే ఊలు కంకణాలు వేసుకునేవారు, తాడు కోసెయ్యకుండా. 1883 జనవరిలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర హోవర్డ్ బ్లాక్‌బర్న్, టామ్ వెల్ష్ అనే ఇద్దరు మంచుతుఫానులో చిక్కి తమ ఓడ నుంచి విడిపోయారు. డోరీలోకి వచ్చిపడుతున్న నీళ్ళు తోడి పొయ్యడంలో వెల్ష్ పొరపాటున బ్లాక్‌బర్న్ చేతితొడుగులు కూడా సముద్రంలో పోసేశాడు. ఇక వేళ్ళు గడ్డకట్టడం ఖాయమని తెలిసిపోయింది. అప్పుడు బ్లాక్‌బర్న్ చేసిన పని చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. గడ్డకట్టేలోగా వేళ్ళని తెడ్డు పిడి చుట్టూ వంచి పెట్టుకున్నాడు. తిన్నగా గడ్డకడితే తెడ్డు వెయ్యలేడు కదా, వంగి గడ్డకడితే కనీసం కొక్కేల్లా పనికొస్తాయి. వెల్ష్ పడవలోనే చనిపోయాడు. బ్లాక్‌బర్న్ ఐదో రోజుకి ఒడ్డు చేరాడు. పది వేళ్ళూ పోయాయి, బొటనవేళ్ళ మొదళ్ళు మాత్రం మిగిలాయి. ఆ చేతులతోనే 1899లో ఒకసారి, 1901లో ఇంకోసారి ఒంటరిగా తెరచాప పడవ మీద అట్లాంటిక్ దాటాడు.

ఆ చేతితొడుగుల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, గ్లౌజుల విద్యంతా అందులోనే ఉంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు జాలరుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఊలు తొడుగుల్ని చేతికంటే బాగా పెద్దగా అల్లి, వేడినీళ్ళలో పిసికి పిసికి కుంచించేవారు. నారలు ఒకదాన్నొకటి పట్టేసుకుని అట్టలా దట్టంగా అయ్యేవి. వేటకెళ్ళినప్పుడు వాటిని పొడిగా వేసుకోరు. నీళ్ళలో ముంచి, పిండి, తడిగానే తొడుక్కుంటారు. ఐస్‌లాండ్ జాలరుల తొడుగులకైతే రెండు బొటనవేళ్ళు. అరచేతి వైపు అరిగిపోతే తిరగేసి రెండో వైపు వేసుకోవడానికి. అరిగేది ఎటో, ఎంత కాలానికో తెలిసిన మనిషి అల్లిన వస్తువది.

తడి తొడుగు వెచ్చగా ఎలా ఉంటుంది? చేతి వేడిని పట్టి ఉంచేది గాలి. ఊలు నారల మధ్య చిక్కిన గాలి తడిసినా పూర్తిగా పోదు, లోపలికొచ్చిన కొద్ది నీళ్ళూ కదలకుండా ఉంటే చేతి వేడికే వెచ్చబడతాయి. 1951లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త నేవీ ఈతగాళ్ళ కోసం వెట్‌సూట్ ఆలోచన చేసినప్పుడు పట్టుకున్న కీలకమూ ఇదే. మనిషి తడవకుండా ఉండక్కర్లేదు, గాలి బుడగలు బట్టలోనే ఉంటే చాలు. అంతకు ముందు 1930లో డూపాంట్ ప్రయోగశాలలో నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు పుట్టింది. దాన్ని నురగలా పొంగించి, బుడగల్ని లోపలే మూసేస్తే సరిపోయింది. మెయిన్ ఆడవాళ్ళు చేతుల్తో చేసినదాన్ని బ్రాడ్నర్ రబ్బరుతో చేశాడనుకోవచ్చు. ఆయన పేరు పుస్తకాల్లోకెక్కింది, వాళ్ళ పేర్లు ఎక్కలేదు.

బావకి పంపిన సలహా పెద్దదేం కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల నియోప్రీన్ గ్లౌజు కొనుక్కో, బొటనవేలు, చూపుడువేలు కొసలు మడిచి వెనక్కి పెట్టుకునే రకం అయితే ముడి వెయ్యడానికి వీలు. బిగుతుగా ఉన్నది వద్దు, రక్తం ఆడకపోతే ఎంత మందమైనా దండగే. జేబులో ఇంకో పొడి జత ఉంచుకో. ఛాతీ దాకా వచ్చే వేడర్స్ వేసుకుంటే నడుముకి బెల్టు బిగించడం మర్చిపోకు, అల కొట్టి పడిపోతే లోపలికి నీళ్ళు దూరిపోతాయి. ఇదంతా పంపాక "మన కొల్లేట్లో వాళ్ళేం వేసుకునేవారు?" అని ఆయనే అడిగాడు. ఆయనకి అత్తారి ఊరు మాదే.

ఏమీ వేసుకునేవారు కాదు. మా ఊరి నుంచి ఆగడాలలంక వైపు వెళ్ళే దారిలో పెద్దవాళ్ళెవర్ని కదిపినా అదే మాట. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పరుచుకున్న నిస్సారపు మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. చలికాలపు తెల్లవారుజామున ఆ నీళ్ళు గాలికంటే వెచ్చగా ఉంటాయి. తాటి దోనె మీద కూర్చున్నవాడు వణుకుతాడు గానీ నీళ్ళలో దిగినవాడు వణకడు. కొల్లేట్లో చేతికి భయం ముల్లుతోనే. ఇంగిలాయి మొప్పల పక్కనుండే ముళ్ళలో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యంతా సలపరిస్తుంది. జెల్ల ముల్లు దిగితే తేలిగ్గా రాదు. బొమ్మిడాయి వీపు నిండా ముళ్ళే. దానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం పరికరంలో ఉంది. వెదురు పుల్లలతో అల్లిన మావులోకి చేప దూరగలదు, బయటికి రాలేదు. పొద్దున్నే మావు ఎత్తి దోనెలోకి బోర్లిస్తే చేపని ముట్టుకునే పనే తక్కువ. ముట్టుకోవాల్సొస్తే ఇంగిలాయిని తల వెనక నుంచి, రెండు వైపుల ముళ్ళూ వేళ్ళ సందుల్లో ఇరికించి పట్టుకుంటారు. ఆ పట్టు తెలిసిన చేతికి తొడుగు అడ్డం.

ఇంకో విషయం కూడా ఉంది, నాకు ఇది బాగా ఆలస్యంగా తట్టింది. ఆ పాత చేపలకి ఐసు అక్కర్లేదు. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గురక, ఇవన్నీ గాలి పీల్చగల చేపలు. తడి గోనె కప్పితే గంటల తరబడి బతుకుతాయి. కొల్లేట్లో పట్టింది ఏలూరు బజారు చేరేదాకా కదులుతూనే ఉండేది. 1970ల్లో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, జాలరుల సహకార సంఘాల పేరుతో కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించడం మొదలైంది. తర్వాత సంఘాల్ని దాటి డబ్బున్నవాళ్ళ చెరువులు వచ్చాయి. 1999లో ఐదో కాంటూరు వరకూ అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు పేల్చారు. ఆ గొడవ అందరికీ తెలిసిందే. నాకిక్కడ కావలసింది ఆ చెరువుల్లో పెరిగిన చేప. బొచ్చె, శీలావతి. ఇవి నీళ్ళలోంచి తియ్యగానే చచ్చిపోతాయి. చచ్చిన చేప లారీ మీద హౌరా దాకా పోవాలంటే ఐసు కావాలి. ఐసు దిమ్మల్ని మిషన్లో పిండి కొట్టి, ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్ళీ ఐసు. అది సర్దేది చేతులే.

అంటే గుండుగొలను చుట్టుపక్కల మనుషుల చేతులకి అసలైన చలి తగిలింది వాతావరణం వల్ల కాదు, చేప మారడం వల్ల. రోహిణీ కార్తెలో కూడా సున్నా డిగ్రీల్లో చేతులు పెట్టే పని ఒకటి మా ప్రాంతంలో పుట్టింది.

రొయ్య వచ్చాక ఆ పని ఇంకా చల్లగా, ఇంకా ఎక్కువ సేపు అయింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య, 2009లో అనుమతులొచ్చాక వనామీ. రొయ్యని చెరువులోంచి తీసిన క్షణం నుంచి గడ్డకట్టించే దాకా ఐసులోనే ఉంచాలి, లేకపోతే బ్యాక్టీరియా పెరిగి సరుకు పాడవుతుంది. ఈ మధ్యలోనే తల తియ్యాలి, పెంకు ఒలవాలి, వీపు చీల్చి నరం లాగాలి. అన్నీ వేళ్ళ కొసలతో చేసే పనులు. చేస్తున్నది దాదాపు అంతా ఆడవాళ్ళు. తెల్లవారకుండా కంపెనీ బస్సులు ఊళ్ళమ్మట తిరిగి ఎక్కించుకుంటాయి.

చన్నీళ్ళలో వేళ్ళకి ఏమవుతుందో 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు కొలిచి రాశాడు. ఐసు నీళ్ళలో వేలు పెట్టగానే రక్తనాళాలు ముడుచుకుపోతాయి, నొప్పి మొదలవుతుంది. ఐదు పది నిమిషాలకి నాళాలు హఠాత్తుగా తెరుచుకుని వేలు వెచ్చబడుతుంది. మళ్ళీ ముడుచుకుంటుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. 1960లో కెనడాలోని గాస్పే జాలరుల మీద, 1962లో బ్రిటన్లో చేపలు కోసే కార్మికుల మీద చేసిన పరీక్షల్లో, ఏళ్ళ తరబడి చన్నీళ్ళలో పనిచేసిన చేతులు మామూలు చేతుల కంటే వెచ్చగా ఉంటాయనీ, నొప్పి తక్కువనీ తేలింది. మనవాళ్ళు "అలవాటైపోద్దిలే" అనేదానికి ఇంత శాస్త్రం ఉంది. కానీ నాళాలు తెరుచుకోవడం నేర్చుకుంటాయి గానీ చర్మం నానడం మానదు. రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోట నానిన చర్మం తేలిగ్గా పుండవుతుంది. పైగా చర్మం సుమారు 15 డిగ్రీల కంటే చల్లబడితే ఎంత అలవాటున్న వేలైనా మొద్దుబారడం మొదలెడుతుంది. మొద్దుబారిన వేలికి కొమ్ము గుచ్చుకున్నదీ తెలీదు.

ఇక్కడ గ్లౌజు మళ్ళీ కథలోకి వస్తుంది, ఆస్పత్రి గుమ్మంలోంచి. 1889-90 ప్రాంతంలో బాల్టిమోర్ జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ దగ్గర కరోలిన్ హాంప్టన్ అనే నర్సు ఉండేది. క్రిముల్ని చంపడానికి వాడే పాదరసపు మందు నీళ్ళకి ఆమె చేతులు పొక్కిపోయేవి. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆమె కోసం పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించాడు. (తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. గ్లౌజుల చరిత్రలో నాకు దొరికిన ప్రేమకథ ఇదొక్కటే.) ఆ గ్లౌజులు నర్సు చెయ్యి కోసం. కొన్నేళ్ళకి, 1899లో, అదే ఆస్పత్రి డాక్టరు జోసెఫ్ బ్లడ్‌గుడ్ లెక్కలు తీసి, గ్లౌజులతో ఆపరేషన్ చేస్తే రోగికి చీము పట్టడం బాగా తగ్గుతోందని చూపించాడు. అప్పట్నుంచీ గ్లౌజు రోగి వైపుకి తిరిగింది. పనిచేసే చేతిని కాపాడటానికి పుట్టిన వస్తువు పదేళ్ళలో ఆ చేతి నుంచి ఎదుటివాళ్ళని కాపాడే వస్తువైంది.

మన రొయ్యల షెడ్లలోకి వచ్చింది ఈ రెండో గ్లౌజు. 1997 ఆగస్టులో పరిశుభ్రత సరిగా లేదని యూరోపియన్ యూనియన్ మన దేశం నుంచి చేపలు, రొయ్యల దిగుమతి కొన్నాళ్ళు ఆపేసింది. అదే ఏడాది డిసెంబరు 18 నుంచి అమెరికా ఆహార నియంత్రణ సంస్థ సీఫుడ్ అంతటికీ హసాప్ పద్ధతి తప్పనిసరి చేసింది. అంతరిక్షంలోకెళ్ళేవాళ్ళు తినే తిండి కలుషితం కాకూడదని నాసా కోసం పిల్స్‌బరీ కంపెనీ 1960ల్లో మొదలుపెట్టిన పద్ధతి అది. దాంతో ఇక్కడి ప్లాంట్లలో తెల్ల టైల్స్, తలకి టోపీలు, కాళ్ళకి గమ్‌బూట్లు, క్లోరిన్ నీళ్ళ తొట్లు, చేతులకి గ్లౌజులు మామూలైపోయాయి. సరుకు కొనేవాడి ప్రాణానికి ఇవన్నీ అవసరమే, నాకందులో అనుమానం లేదు. ఆ రొయ్య తినేవాళ్ళలో మా అక్కా బావా కూడా ఉన్నారు.

మా వీధి చివర ఒక అక్క ఉంది, ఎనిమిదేళ్ళుగా ఇదే పని. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగాను.

"గ్లౌజులు ఇస్తారుగా అక్కా, ఇంకా చేతులిలా ఎందుకున్నాయి?"

"ఇత్తారు తమ్ముడూ. అయి రొయ్యకి ఇచ్చేయి. మన చెయ్యి దానికి తగలకుండా."

చెయ్యి తిప్పి చూపించింది. వేళ్ళ కొసలు ముడతలు పడి, గోళ్ళ పక్కన పాత పుళ్ళ మచ్చలు.

ఆమె చెప్పినదాన్ని కొలవొచ్చు కూడా. ఒకసారి వాడి పారేసే నైట్రైల్ గ్లౌజు మందం సుమారు ఒక మిల్లీమీటరులో పదోవంతు. బావకి నేను చెప్పినది మూడు మిల్లీమీటర్లు, అంటే ముప్పై రెట్లు. పైగా దానిలో గాలి బుడగలున్నాయి, దీనిలో లేవు. నైట్రైల్‌కి కన్నం పడితే లోపలికి చేరిన ఐసు నీళ్ళు బయటికి పోవు, చెయ్యి అందులోనే నానుతుంది. ఇదేమీ తీరని సమస్య కాదు. లోపల అల్లిన పల్చటి లైనరు, పైన ఒక సైజు పెద్ద నైట్రైలు వేసుకుంటే సరుకుకీ భయం లేదు, చేతికీ కాస్త వెచ్చన. లైనరు తడిస్తే మార్చాలి, గంట గంటకీ చేతులు వెచ్చబరుచుకునే వ్యవధి ఇవ్వాలి. కాకపోతే దీనికీ ఒక చిక్కుంది, అది అక్కే చెప్పింది. కూలీ కిలోకి ఇంత అని కట్టే చోట చేతికి ఎంత మందం తగిలితే అంత వేగం తగ్గుతుంది. లైనర్లిచ్చినా సగం మంది తీసి పక్కన పెడతారట. కాబట్టి మంచి గ్లౌజు కొనిపెట్టడంతో ప్లాంటువాడి బాధ్యత తీరదు, కూలీ లెక్కగట్టే పద్ధతి మారకుండా ఆ గ్లౌజు చేతికెక్కదు. బ్లాక్‌బర్న్ వేళ్ళు వంచి పెట్టుకున్నట్టే వీళ్ళూ, పని ఆగకుండా ఉండటానికి చేతినే సర్దుకుంటున్నారు.

బావకి చెప్పిన గ్లౌజు ఫోటో అక్కకి ఫోనులో చూపించాను. బొటనవేలు, చూపుడువేలు కొసలు తెరిచి ఉండటం చూసి "ఎలకలు కొట్టేసినట్టున్నాయే" అంది. గాలానికి ముడి వెయ్యడానికి అలా పెట్టారని చెబితే, గాల్లోనే రొయ్య పట్టుకున్నట్టు వేళ్ళు కదిపి చూసింది. తల తియ్యడానికి ఆ రెండు వేళ్ళే చాలంట, వీపు చీల్చాలంటే మాత్రం మూడోదీ కావాలంట. "అక్కడ మడత వద్దు తమ్ముడూ, రొయ్య కాళ్ళు ఇరుక్కుంటాయి. వేలంతా మూసేసి, కొస మాత్తరం పల్చగా కుడితే సరిపోద్ది" అంది.